నేత్ర చేతి పంట

అక్కయమ్మ ఇంట్లో మనుషులుండే గదులకంటే పట్టుపురుగుల ఇంటికే కట్టుబాట్లు ఎక్కువ. గడప ముందు సున్నప్పొడి చల్లిన గోనెపట్ట పరిచి ఉంటుంది. దాని మీద పాదాలు అద్దనిదే ఎవరూ లోపలికి పోకూడదు. తలకు నూనె రాసుకున్న రోజు పోకూడదు. అగరొత్తులు, ఘాటైన సబ్బులు, తాలింపు పొగ ఆ దరిదాపులకు రాకూడదు. ఇరుగుపొరుగును అసలు పిలవరు. ఒకరి పట్టుపురుగులను ఇంకొకరు చూస్తే దిష్టి తగులుతుందని పెద్దగుంటపల్లిలో అందరికీ నమ్మకం.

ఆ కట్టుబాట్లలో ఎవరూ పైకి అననిది ఒకటుండేది. మనవరాలు నేత్ర ఆ గడప దాటకూడదు.

నేత్ర పుట్టినప్పుడు పొత్తికడుపు మూసుకోలేదు. మూత్రాశయం బయటికి తెరుచుకుని, ఎర్రగా, ఎప్పుడూ తడిగా కనిపించేది. మూత్రం నిలిచే చోటు లేక బొట్లుబొట్లుగా కారేది. చింతామణి పట్నం ఆస్పత్రిలో నర్సు శుభ్రమైన తడిగుడ్డ కప్పి, ఆ పూటే బెంగళూరుకు పంపించింది. అక్కడ పిల్లల సర్జన్ ఆశా అనే ఆవిడ బిడ్డను తల నుంచి పాదాల దాకా చూసింది. బొడ్డు ఉండాల్సిన చోట లేదు. నడుము కింద ముందువైపు కలవాల్సిన ఎముకలు రెండూ ఎడంగా ఉన్నాయి. రెండు గజ్జల్లోనూ హెర్నియా ఉంది. కిడ్నీలు మాత్రం బాగున్నాయి.

ఊళ్లో వాళ్లు ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క కారణం వెతికారు. బొడ్డు లేనిది ఒకందుకు, కాళ్లు ఎడంగా పెట్టేది ఇంకొకందుకు. గ్రహణం పూట కడుపుతో ఉన్న మనిషి కొడవలి పట్టింది, అందుకే అని కూడా అన్నారు. తల్లి ప్రతిమ కొడవలి పట్టిన మాట నిజం. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడవడం, దాటిన పురుగులు ఆకలి మీద ఉన్నాయి, మల్బరీ సొప్పు కోసుకురమ్మని తోటకు పంపింది అత్త అక్కయమ్మే. ఆ మాట ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు.

"కొడవలికీ దీనికీ సంబంధం లేదమ్మా," అని డాక్టరమ్మ చెప్పింది. "కడుపు గోడ, మూత్రాశయం, ఎముకలు, బొడ్డు అన్నీ మొదటి నెలల్లో ఒక్కసారిగా మూసుకోవాలి. ఆ మూసుకునే పని మధ్యలో ఆగింది. చూడ్డానికి ఇన్ని ఉన్నా ఇదంతా ఒకటే."

ఆ ఒక్క మాట పట్టుకుని ప్రతిమ చాలా ఏళ్లు బతికింది.

పసితనంలోనే తుంటి ఎముకలు కోసి దగ్గరికి తెచ్చి, మూత్రాశయం లోపల పెట్టి కుట్టారు. కాళ్లు రెండూ కట్టి ఉంచారు. బిడ్డ బతికింది, నడిచింది. బాతులా అటూ ఇటూ ఊగుతూ నడిచేది. మూత్రం మాత్రం ఆగలేదు. ఇంకొంచెం పెద్దదయ్యాక, మూత్రాశయం పెరిగిందో లేదో చూసి మళ్లీ ఆపరేషన్ చేస్తామన్నారు. అప్పటిదాకా గుడ్డలే.

నేత్రకు పురుగుల ఇంట్లోకి పోవాలని ఉండేది. జాతరకూ, సినిమాకూ కూడా అంత ఆశపడలేదు. తండ్రి నాగరాజు మల్బరీ కొమ్మలు మోపు కట్టుకుని లోపలికి పోతుంటే వెనకే వచ్చి గడప దగ్గర నిలబడేది.

"యాడికమ్మే?" అనేది అక్కయమ్మ లోపలి నుంచి.

"సూసి వస్తానవ్వా. దేన్నీ తాకను."

"ఆడే నిలబడు. పురుగులకు వాసన పడదు."

"పొద్దున్నే నీళ్లు పోసుకున్నా గదవ్వా!"

అక్కయమ్మ ఆకు వేసే పనిలో పడేది. కాసేపటికి ఒక మల్బరీ ఆకు మీద వేలెడు పురుగును పెట్టుకుని బయటికి వచ్చేది. నేత్ర దాన్ని అరచేతిలోకి తీసుకునేది. చల్లగా, మెత్తగా, ఆకు అంచును పైనుంచి కిందికి కొరుక్కుంటూ పోయే ఆ పురుగును ఎంతసేపైనా చూసేది. చూడడం అయ్యాక అక్కయమ్మ దాన్ని మళ్లీ లోపలికి తీసుకుపోయేది కాదు. కోడికి వేసేది.

కొన్నాళ్లకు నేత్ర పురుగును చూపించమని అడగడం మానేసింది.

పురుగుల ఇంటికి ఉత్తరం వైపు రెండు పెద్ద కిటికీలున్నాయి. ఇంటి చుట్టూ గాలి బాగా ఆడే చోటు ఆ కిటికీల ముందే. నేత్ర గుడ్డలు ఉతికి ప్రతిమ అక్కడే తీగ మీద ఆరేసేది. ఒక వేసవిలో అక్కయమ్మ ఆ కిటికీలకు గోనెపట్టలు కొట్టి, పైన పేడమట్టి మెత్తింది. అవి ఎందుకు మూసిందో ఎవరూ అడగలేదు. కిటికీలు మూసే బదులు గుడ్డల తీగను ఇంకో పక్కకు మార్చవచ్చుననేది కూడా ఎవరికీ తట్టలేదు.

ఆ తరువాత వానాకాలం పట్టుగూళ్ల పంటలు ఒక మాదిరిగా వచ్చేవి. వేసవి పంటలు మాత్రం దెబ్బ మీద దెబ్బ తిన్నాయి. పురుగు ఒళ్లు ఉబ్బి, చర్మం చిట్లి, పాలలాంటి నీరు కారేది. పాలరోగం వచ్చిన తట్టలు ఊరి బయట గుంతలో పోసి వచ్చిన రోజు అక్కయమ్మ అన్నం తినేది కాదు. ఆమె ఎవరినీ తిట్టలేదు. చూపు మాత్రం ఒకసారి నేత్ర దాకా పోయి వెనక్కి వచ్చేది.

ఎదురింటి రామచంద్రప్పకు అంత మొహమాటం లేదు. "మీ ఇంట్లో పంట నిలవదులేక్కా," అనేవాడు రచ్చ మీద నలుగురూ వినేలా. "పురుగుకి తెలీదా ఏమి, గోడకి ఆ పక్క ఎవురుండారో?"

నేత్రకు పదిహేనో ఏట రెండో పెద్ద ఆపరేషన్ జరిగింది. మూత్రాశయం చాలినంత పెరగలేదు. ఆశా డాక్టరమ్మ పేగు ముక్క కోసి దానికి అతుకు వేసి పెద్దది చేసింది. కిందినుంచి కారే దారి మూసేసింది. అపెండిక్స్‌ను సన్నటి దారిలా మలిచి పొట్ట మీదికి తెచ్చింది. ఆ దారి చివర, ఇన్నాళ్లూ ఏమీ లేని చోట, బొడ్డు చేసింది. బొడ్డు మడతలోంచి మెత్తటి గొట్టం లోపలికి పోనిచ్చి మూత్రం తీసేయడం నేర్పించింది.

"వేళ తప్పకూడదు," అంది. "పేగు ముక్క జిగురు ఊరుతుంది, రోజూ కడుక్కోవాలి. ఏటా కిడ్నీల పరీక్ష చేయించుకోవాలి. నడక ఇట్లాగే ఉంటుంది, దాన్ని నేనేం చేయలేను."

"నడక యాడికి పోతుందిలే మేడం," అంది నేత్ర. "తడి పోతే సాలు."

తడి పోయింది. బెంగళూరు నుంచి తిరిగి వచ్చే రోజు బస్సెక్కగానే నాగరాజు అలవాటుగా చివరి సీటు వైపు నడిచాడు. ఎన్నేళ్లుగానో వాళ్లు అక్కడే కూర్చునేవాళ్లు, నేత్ర అడుగున ప్లాస్టిక్ కాగితం పరుచుకుని. ఆ రోజు ఆమె తండ్రి వెంట పోలేదు. ముందు వరుసలో ఇద్దరు ఆడవాళ్ల నడుమ కొంచెం చోటు కనిపిస్తే, "జరగండమ్మా" అని కూర్చుంది. చింతామణిలో దిగేటప్పుడు వెనక్కి తిరిగి సీటు వైపు చూసింది. రెగ్జిన్ పొడిగా ఉంది. కండక్టరు "దిగమ్మా, దిగు" అని కసిరినా ఇంకొక క్షణం చూసి గానీ దిగలేదు.

ఇంటికి రాగానే అక్కయమ్మ, "ఏదీ, సూపియ్యి," అంది. కొత్త బొడ్డును వంగి, కళ్లు చికిలించి చూసింది. "బాగుండాదే! నా దానికంటే సక్కంగా ఉండాది."

"మరి ఇప్పుడు లోపలికి రావచ్చునా అవ్వా?"

అక్కయమ్మ నవ్వు ఆపేసింది. "మానాల గదా ముందు. సూద్దాంలే."

గాయం మానింది. నేత్ర పదో తరగతి తరువాత పియుసీ పాసైంది, చింతామణికి బస్సులో పోయి డిగ్రీ చదివింది. కాలేజీలో ఆమె గొట్టం సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే స్నేహితురాళ్లు. మిగతావాళ్లకు ఆమె ఊగుతూ నడిచే, బాగా నవ్వించే అమ్మాయి. తీగ మీద గుడ్డలు లేవు. కిటికీల మీద పేడమట్టి మాత్రం ఏటేటా కొత్తగా మెత్తుతూనే ఉన్నారు. అడిగినప్పుడల్లా అక్కయమ్మ "సూద్దాంలే" అంటూనే వచ్చింది.

డిగ్రీ ముగిసిన ఏడాది వేసవి పంట మళ్లీ పోయింది. గుంతలో పోసి వచ్చి, అక్కయమ్మ అరుగు మీద కూలబడి ఉంది. నాగరాజు ఖాళీ తట్టలు కడుగుతున్నాడు. నేత్ర వచ్చి అవ్వ ఎదురుగా నిలబడింది.

"ఈసారీ నేను లోపలికి పోలేదు గదవ్వా."

"ఎవురన్నారు పోయినావని?"

"ఎవురూ అనలేదు. నువ్వూ అనలేదు. వచ్చే పంట నా చేతికియ్యి."

నాగరాజు చేతిలో తట్ట ఆగిపోయింది. ప్రతిమ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"తమాసా అనుకుంటివా?" అంది అక్కయమ్మ. "నలభై ఏండ్లుగా చేసేదాన్ని, నాకే నిలబడలేదు."

"నీకు నిలబడలేదు గదా. నాకియ్యి మరి."

"దీని నోరు సూడరా నాగరాజా!"

నాగరాజు చూడలేదు. తట్టను గోడకి ఆనించి మెల్లగా అన్నాడు. "ఇయ్యమ్మా. ఒక్క పంట."

అక్కయమ్మ కొంగు దులుపుకుని లేచింది. "సరే. పోయినాదనుకో, ఇంక ఆ గడప మాట ఎత్తకూడదు. నేను సచ్చేదాకా ఎత్తకూడదు."

"ఎత్తను," అంది నేత్ర.

చాకీ పురుగులు అనే పిల్ల పురుగులు ఇంకా రాకముందే ఆమె మొదట చేసిన పని, గడ్డపార తెచ్చి బయటినుంచి ఉత్తరం కిటికీల పేడమట్టి పెకలించడం. గోనెపట్టలు చివికి, చేతితో లాగితే ఊడి వచ్చాయి. చప్పుడుకి అక్కయమ్మ పరుగున వచ్చింది.

"ఏం చేస్తాండావే? అవి యాలకు మూసినానో తెలుసునా నీకు?"

"తెలుసు. ఆ తీగ మీద నా గుడ్డలుండె."

అక్కయమ్మ ఖాళీ తీగ వైపు చూసింది.

"ఇప్పుడు లేవు గదవ్వా," అంది నేత్ర. "మళ్లా యాలకు మూసేది? లోపల ఎంత ఉక్కగా ఉండాదో సూడు, మనిషికే ఊపిరాడలేదు."

కిటికీలు తెరుచుకోగానే గాలి ఒక పక్కనుంచి వచ్చి ఇంకొక పక్కకి పోయింది. పైకప్పు కింద పాత సాలెగూళ్లు ఊగాయి. అక్కయమ్మ లోపలికి పోయి, ఆ గాలిలో కొంగు పట్టుకుని నిలబడి, లోపలి గోడలను ఎవరో ఇప్పుడే కట్టి ఇచ్చినట్టు చూసింది. తరువాత ఏమీ అనకుండా పోయి, కిటికీలకు కట్టడానికి ఈగలు రాని వల తెచ్చి ఇచ్చింది.

పురుగులు వచ్చాయి. నేత్ర గోనెపట్ట మీద పాదాలు అద్దుకుని మొదటిసారి లోపలికి పోయిన ఉదయం ప్రతిమ వాకిట్లోనే నిలబడి ఉంది, ఏ పనీ పెట్టుకోకుండా. ఆ రోజునుంచి ఇంటి పని పురుగుల వేళ మీద నడిచింది. ఆకు వేసే వేళ దగ్గర పడేసరికి నేత్రకు గొట్టం పెట్టుకునే వేళ కూడా అయ్యేది. ముందు బాత్‌రూముకి పోయేది, చేతులు మోచేతుల దాకా కడిగేది, తన పని చూసుకునేది, మళ్లీ కడిగేది, అప్పుడు సొప్పు ముట్టుకునేది. ఎంత పని మీద ఉన్నా ఈ వరస తప్పలేదు.

రామచంద్రప్ప తన అరుగు మీదనుంచి అడగకుండా ఊరుకోలేదు. "ఏమక్కా, రాజ్యం మనవరాలికి ఇచ్చేసినావంట? గుంత తవ్వి పెట్టుకుంటివా?"

"నీకు పనేం లేదా రామచంద్రప్పా?" అంది అక్కయమ్మ. ఆ గొంతులో ఇదివరకటి బింకం లేదు. ఆమెకూ భయంగానే ఉంది.

నాలుగో జ్వరం దాటి, పురుగులు కొమ్మలకు కొమ్మలు తినేస్తున్న రోజుల్లో ఒక పొద్దున మూలనున్న అరల స్టాండులో ఉబ్బిన పురుగులు కనిపించాయి. నేత్ర ఒకదాన్ని కాగితం మీదికి తీసి చూసింది. పాల నీరు. దాచే ఆలోచన ఒక్క నిమిషం వచ్చింది. అయినా అవ్వను పిలిచింది.

అక్కయమ్మ చూసి, తల పట్టుకుంది. "అయిపాయె. ఇంకేముండాది."

"ఆ మూల మాత్రమే ఉండాది. మిగతాది సూడు, ఎట్లా తింటాండాయో."

"అట్లే మొదలయ్యేది. రెండు దినాలకి ఇల్లంతా."

"అప్పుడు గాలి లేదు గదవ్వా." అని, ఆగి, "నువ్వు బయటే ఉండు. ఇది ముట్టిన చేత్తో ఇంకో స్టాండు ముట్టేది వద్దు," అంది.

జబ్బు పురుగులను ఏరి సున్నపు నీళ్ల డబ్బాలో వేసింది. ఆ స్టాండులో తిని వదిలిన కొమ్మల పడకంతా తీసి కాల్పించింది. మిగతా వాటి మీద సున్నం పొడి పలుచగా చల్లింది, తడి ఆకు ఒక్కటి కూడా లోపలికి రానివ్వలేదు. మధ్యాహ్నపు వడగాలికి కిటికీల మీద తడి గోనెలు కట్టి, పొద్దు వాలగానే తీసేయించింది. మరుసటి రోజు ఆ మూలలో ఇంకొన్ని దొరికాయి. ఆ తరువాత దొరకలేదు. అయినా ఆమె ప్రతి పూటా ఆ మూల ముందు వంగి, ఊపిరి బిగబట్టి వెతికేది.

పురుగులు పండిన రోజు ఊళ్లో అందరికీ తెలుస్తుంది, ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి. తిండి మానేసి, ఒళ్లు పసుపు రంగు తిరిగి, తల ఎత్తి గాలిలో దారం వెతుక్కునే పురుగులను వెంటనే ఏరి చంద్రికెల మీద వేయాలి. వెదురు తట్టల మీద చుట్టచుట్టలుగా అల్లిన ఆ చంద్రికెల్లోనే అవి గూళ్లు కడతాయి. ఆలస్యమైతే పట్టు నేలపాలవుతుంది. ఇల్లంతా వంగి ఏరుతున్నారు. అన్నీ ఒక్కసారిగా పండాయి.

అంతటి హడావిడిలో నేత్ర లేచి నిలబడింది.

"యాడికి?" అంది ప్రతిమ, చేతులు ఆడిస్తూనే.

"వేళైనాదమ్మా."

"కాసేపు తాళరాదా తల్లీ? సూడు, ఎట్లుండాదో ఇక్కడ."

నేత్ర ఒక క్షణం తటపటాయించింది. పురుగుల వైపు చూసింది. అప్పుడు అక్కయమ్మ తల ఎత్తకుండానే గట్టిగా అంది.

"పోనియ్యమ్మే ప్రతిమా! దాని వేళ దానికుండాది. వచ్చేదాకా ఆ వరస నేను సూస్తా." తరువాత నేత్రతో, "పో. నిదానంగా చేసుకో. రాత్రే కాచిన నీళ్లు మూత పెట్టి ఉండాను, దిమ్మె మీద."

నేత్ర నిదానంగానే చేసుకుంది. తిరిగి వచ్చేసరికి ఆమె వరసలో అక్కయమ్మ, ఒక చేత్తో నడుము పట్టుకుని, ఇంకో చేత్తో ఏరుతూ ఉంది. పొద్దు వాలేలోపు ఆఖరి చంద్రికె నిండింది.

గూళ్లు తెల్లగా, గట్టిగా వచ్చాయి. చంద్రికెల నుంచి గూళ్లు విడదీస్తూ అక్కయమ్మ ఒకదాన్ని చెవి దగ్గర ఆడించి చూసింది, రెండు వేళ్లతో నొక్కింది, ఇంకొకటి తీసుకుంది. పది పన్నెండు అట్లా చూశాక ఏరడం మానేసి ఊరికే కూర్చుంది.

"ఆ కిటికీలు నేనే మూసినా," అంది ఎవరితోనో అన్నట్టు. "ఇన్నేండ్లు."

నేత్ర గూళ్ల బుట్టను అవ్వ వైపు జరిపింది. ఇద్దరూ మళ్లీ పనిలో పడ్డారు.

చింతామణి గూళ్ల మార్కెట్లో ఎప్పుడూ వాళ్ల గూళ్లు కొని పట్టుదారం తీసే రీలరు పిడికెడు తీసి, ఒకటి కోసి చూసి, నాగరాజు మొహంలోకి చూశాడు. "ఇది మీ అమ్మ చెయ్యి కాదప్పా. ఎవురిది?"

"మా బిడ్డది," అన్నాడు నాగరాజు. పక్క వరసలో వాళ్లకు కూడా వినిపించేంత గట్టిగా అన్నాడు.

తరువాతి పంటా నేత్రదే. ఆ తరువాతిదీ. అక్కయమ్మ నడుము నొప్పి అంటూ అరుగు మీదే కూర్చుని, ఆకు కోసేవాళ్లను తిట్టే పని మాత్రం ఉంచుకుంది. మరుసటి వేసవిలో ఊళ్లో చాలా ఇళ్లలో పాలరోగం వచ్చింది. అక్కయమ్మ ఇంట్లో పంట నిలిచింది.

ఒక సాయంత్రం రామచంద్రప్ప వాకిట్లోకి వచ్చి తువ్వాలు సర్దుకుంటూ నిలబడ్డాడు.

"నేత్రమ్మా," అన్నాడు. ఆమెను ఆయన ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "మా పురుగులు ఒకతూరి సూసి పోమ్మా. తినకుండా పండుకోనుండాయి."

"దిష్టి తగలదా రామచంద్రప్పా?" అంది అక్కయమ్మ అరుగు మీదనుంచి.

"ఊరుకోక్కా నువ్వొకదానివి."

"నేను యాల ఊరుకుంటాను? గోడకి ఆ పక్క ఎవురుండారో నీ పురుగులకి తెలీదా మరి?"

రామచంద్రప్ప తలవంచుకుని నవ్వేశాడు. నేత్ర చేతులు కడుక్కుని ఆయన వెంట బయలుదేరింది, వీధి మధ్యలో, అటూ ఇటూ ఊగుతూ, ఎవరికీ పక్కకు జరగకుండా. అక్కయమ్మ కర్ర తీసుకుని తానూ వెనకే కదిలింది. ఈ వేడుక ఆమె వదులుకోదలచుకోలేదు.

రామచంద్రప్ప పురుగుల ఇంటి తలుపు తీసి, "రామ్మా, లోపలికి రా," అన్నాడు. ఆయన బుగ్గ ఒక పక్క ఉబ్బి ఉంది.

"మామా, నోట్లో ఏముండాది?"

"ఆఁ? పొగాకు. రవ్వంత."

"ఉమ్మేసి, నోరూ చేతులూ కడుక్కొని రా. పొగాకు సోకితే పురుగు కక్కి సస్తాది. అప్పటిదాకా లోపలికి రావొద్దు."

"నా ఇల్లే కదమ్మా ఇది!"

"నీ ఇల్లే మామా. కొళాయి ఆ పక్కనుండాది."

ఆయన అక్కయమ్మ వైపు చూశాడు. అక్కయమ్మ ఆయన వైపు చూడలేదు. కర్ర మీద గడ్డం ఆనించి, మనవరాలిని చూస్తోంది. రామచంద్రప్ప గొణుక్కుంటూ కొళాయి వైపు పోయాడు. నేత్ర లోపలికి పోయి, స్టాండు దగ్గర వంగి, ఒక పురుగును వేలి మీదికి ఎక్కించుకుంది.